ఎనిమిది పైంట్ల నీళ్ల లెక్క

పిల్లలూ, ముందుగా ఒక లెక్క చూద్దాం. మనకు 5 కిలోమీటర్ల దూరంలో, నేలకు 1 కిలోమీటరు ఎత్తులో 8 పైంట్ల నీళ్లు ఉన్నాయనుకోండి. పైంటు అంటే ఇంగ్లండులో పాలు కొలిచే కొలత. 8 పైంట్లంటే సుమారు నాలుగున్నర లీటర్లు. ఆ నీళ్ల ఉష్ణోగ్రత 98 డిగ్రీల ఫారెన్‌హీట్. దాన్ని 105 డిగ్రీలకు పెంచాలి. పొయ్యి లేదు, తీగ లేదు. ఇక్కడి నుంచి రేడియో తరంగాలు పంపి మాత్రమే వేడి చేయాలి. ఎంత శక్తి కావాలి?

1935 సంవత్సరం మొదట్లో, ఇంగ్లండులోని స్లౌ పట్టణం దగ్గర ఒక రేడియో పరిశోధన కేంద్రంలో, ఈ లెక్కను ఒక క్యాలెండర్ కాగితం మీద రాసి పై అధికారి తన సహాయకుడికి ఇచ్చాడు. ఆ అధికారి రాబర్ట్ వాట్సన్-వాట్. సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్ అనే యువ శాస్త్రవేత్త. ఎందుకు, ఎవరికోసం అన్నది కాగితం మీద లేదు.

మీరైతే ఏమనుకునేవారు? ఆకాశంలో, కిలోమీటరు ఎత్తున, నాలుగున్నర లీటర్ల వెచ్చని నీళ్లు ఎక్కడుంటాయి? కాసేపు ఆలోచించండి. 98 డిగ్రీలు అంటే మన ఒంటి వేడి. 105 అంటే మనిషి తట్టుకోలేని జ్వరం. ఆ నీళ్లు నీళ్లు కావు, విమానం నడిపే మనిషి ఒంట్లోని రక్తం. విల్కిన్స్ ఈ సంగతి వెంటనే గ్రహించాడు. దూరం నుంచి రేడియో కిరణంతో శత్రు పైలట్‌ను పడగొట్టగలమా అని పైవాళ్లు అడుగుతున్నారన్నమాట.

ఇంత విడ్డూరమైన ప్రశ్న ఎందుకు వచ్చిందో తెలియాలంటే అప్పటి భయం తెలియాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డాయి. ఆ తర్వాత విమానాల వేగం బాగా పెరిగింది. ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు మధ్య సముద్రం ఇరుకైన చోట 33 కిలోమీటర్లే. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చే బాంబర్ దాన్ని 7 నిమిషాల లోపే దాటేస్తుంది. కింద ఉన్న పైలట్లు పరుగెత్తి, విమానం ఎక్కి, 6 కిలోమీటర్ల ఎత్తుకు చేరడానికి పది నిమిషాలకు పైగా పట్టేది. అంటే శత్రువును కంటితో చూశాక బయలుదేరితే పని జరగదు. చెవితో వినడానికి సముద్రతీరంలో పెద్ద పెద్ద కాంక్రీటు గిన్నెలు కట్టారు, విమానం మోతను పోగుచేసి వినిపించడానికి. వాటివల్ల దొరికిన వ్యవధి కొద్ది నిమిషాలే. కెంట్ తీరంలో అవి ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

వాట్సన్-వాట్ 1892లో స్కాట్లండులోని బ్రెకిన్ అనే చిన్న ఊరిలో, ఒక వడ్రంగి ఇంట్లో పుట్టాడు. డండీ నగరంలో ఇంజినీరింగ్ చదివాడు. అక్కడి ఫిజిక్సు ప్రొఫెసరు విలియం పెడీ ఆయనకు రేడియో తరంగాల మీద ఆసక్తి కలిగించాడు. 1915లో వాతావరణ శాఖలో చేరాడు. ఆయన పని ఉరుములు, మెరుపులు వెతకడం. మెరుపు మెరిసినప్పుడు రేడియోలో గరగరమని చప్పుడు వస్తుంది కదా, ఆ చప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో కనిపెడితే తుఫాను ఎక్కడుందో పైలట్లకు ముందే చెప్పవచ్చు. కానీ మెరుపు క్షణంలో పోతుంది. దాన్ని పట్టుకోవడానికి ఆయన ఆసిలోస్కోపు వాడాడు. కంటికి అందని వేగంతో జరిగే మార్పును తెరమీద వెలుగు గీతగా చూపించే యంత్రం అది. రేడియో తరంగాలను వెనక్కి పంపే పైవాయుమండలపు పొరకు ‘ఐనోస్ఫియర్’ అనే పేరు సూచించింది కూడా ఆయనే, 1926లో. పేర్లు పెట్టేవాళ్లంటే భాష చెప్పే మాకు కాస్త అభిమానం ఎక్కువ, అందుకే ఈ మాట ఇక్కడ చేర్చాం.

ఇక లెక్కకు వద్దాం. విల్కిన్స్ లెక్క వేసి, అంత శక్తిని పుట్టించే యంత్రం ప్రపంచంలో ఎక్కడా లేదని తేల్చాడు. మరణకిరణం కుదరదు. మామూలుగా అయితే ‘సాధ్యం కాదు’ అని జవాబు రాసి ఫైలు మూసేయవచ్చు. వాట్సన్-వాట్ మూయలేదు. అయితే వాళ్లకు మనం వేరే ఏమైనా సాయం చేయగలమా అని విల్కిన్స్‌ను అడిగాడు. అప్పుడు విల్కిన్స్‌కు పోస్టాఫీసు ఇంజినీర్ల రిపోర్టు ఒకటి గుర్తుకొచ్చింది. దగ్గరలో విమానం ఎగిరినప్పుడల్లా తమ రేడియో సంకేతాలు అదురుతున్నాయని వాళ్లు అందులో ఫిర్యాదు చేశారు. వాళ్లకది తలనొప్పి, విల్కిన్స్‌కు అది ఆధారం. విమానానికి తగిలి తరంగాలు వెనక్కి మళ్లుతున్నాయన్నమాట. ఇలా తగిలి మళ్లడాన్నే మీ సైన్సు పుస్తకంలో పరావర్తనం అంటారు.

విమానాన్ని కూల్చలేం కానీ అది ఎక్కడుందో కనుక్కోగలం అని లెక్కలతో సహా ఫిబ్రవరిలో ప్రభుత్వానికి నివేదిక వెళ్లింది. సంతకం వాట్సన్-వాట్‌ది, లెక్కలు విల్కిన్స్‌వి. వైమానిక దళంలో పరిశోధనలు చూసే అధికారి హ్యూ డౌడింగ్ మాత్రం గట్టివాడు. కాగితం మీద అంకెలు చాలవు, చేసి చూపండి, తర్వాతే డబ్బు అన్నాడు.

1935 ఫిబ్రవరి 26న చేసి చూపించారు. డావెంట్రీ అనే ఊళ్లో బీబీసీ రేడియో ప్రసార కేంద్రం ఉండేది. దాని తరంగం పొడవు 49 మీటర్లు. బాంబర్ రెక్కల వెడల్పు దాదాపు 25 మీటర్లు, అంటే తరంగంలో సగం. అలా ఉంటే రెక్కలే యాంటెన్నాలా పనిచేసి తరంగాన్ని బాగా వెనక్కి పంపుతాయని విల్కిన్స్ అంచనా. కొన్ని కిలోమీటర్ల అవతల పొలంలో ఒక వ్యాను నిలిపి, రిసీవర్ బిగించారు. హేఫర్డ్ అనే బాంబర్ విమానం పైన అటూ ఇటూ ఎగిరింది. తెరమీది వెలుగు చుక్క విమానం వచ్చినప్పుడల్లా సాగింది, వెళ్లిపోగానే కుదించుకుపోయింది. 13 కిలోమీటర్ల దూరం వరకు జాడ తెలిసింది. నిజం చెప్పాలంటే ఆ రోజు పనిచేసింది పూర్తి రాడార్ కాదు. విమానం ఉందని తెలిసింది, ఎంత దూరంలో, ఏ వైపు ఉందో తెలియలేదు. డౌడింగ్‌కు ఆ కాస్త చాలు.

దూరం ఎలా తెలుస్తుంది? కొండ ముందు నిలబడి కేక వేశాం, 2 సెకన్లకు ప్రతిధ్వని వినిపించింది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వెళ్లడానికి ఒక సెకను, రావడానికి ఒక సెకను. కాబట్టి కొండ 340 మీటర్ల దూరంలో ఉంది. రేడియో తరంగంతోనూ ఇదే పని, కాకపోతే అది సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 150 కిలోమీటర్ల అవతల ఉన్న విమానాన్ని తాకి వచ్చేసరికి సెకనులో వెయ్యో వంతు గడుస్తుంది. ఎడతెగకుండా అరుస్తూ ఉంటే ప్రతిధ్వని వినిపించదు కదా. అందుకని తరంగాన్ని చిన్న చిన్న తునకలుగా పంపి, మధ్యలో ఆగి, జవాబు కోసం చూడాలి. అంత చిన్న వ్యవధిని కొలవడానికి మెరుపుల కోసం వాడిన ఆ ఆసిలోస్కోపే మళ్లీ పనికొచ్చింది.

మే నెలలో చిన్న బృందం ఒకటి సామాను సర్దుకుని ఆర్ఫర్డ్‌నెస్ అనే నిర్జన తీరానికి మారింది. పరికరాలు పడవల మీద దాటించారు. చుట్టుపక్కల వాళ్లకు మాత్రం ఐనోస్ఫియర్ పరిశోధన అని చెప్పారు. అమ్మగారో నాన్నగారో డ్యూటీ సంగతులు ఇంట్లో చెప్పని కుటుంబాలు మీలో చాలా ఉన్నాయి, కాబట్టి ఇది మీకు కొత్తగా ఉండదు. జూన్‌లో 27 కిలోమీటర్లు, ఏడాది చివరికి 100 కిలోమీటర్ల దాకా విమానాలు దొరికాయి. మరుసటి ఏడు దగ్గరలోని బాడ్సీ భవనానికి మరో బదిలీ. 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి తీరం పొడవునా దాదాపు 20 కేంద్రాలు నిలిచాయి. తరంగాలు పంపే ఉక్కు టవర్లు 110 మీటర్ల ఎత్తు, అందుకునే చెక్క టవర్లు 73 మీటర్లు.

ఇంతకన్నా నాణ్యమైన యంత్రాలు అప్పటికే జర్మనీలో ఉన్నాయి. వాట్సన్-వాట్ పద్ధతి వేరు. అన్నిటికన్నా మంచిది ఎప్పటికీ పూర్తికాదు, రెండోది వేళకు అందదు, మూడోదానితో ఇవాళే పని మొదలుపెడదాం అనేవాడు. పరీక్షల ముందు నోట్సు అందంగా తిరగరాస్తూ కూర్చునే పిల్లలకు మేము ఈ మాట తరచుగా చెబుతుంటాం.

ఆ టవర్లు సముద్రం వైపే చూసేవి. విమానం తీరం దాటి లోపలికొస్తే వాటికి కనిపించదు. అక్కడి నుంచి దుర్భిణులు పట్టుకున్న వాలంటీర్లు చూసేవారు. అన్ని వార్తలూ టెలిఫోన్లో లండన్ దగ్గరి బెంట్లీ ప్రయరీకి చేరేవి. అక్కడ పెద్ద బల్లమీద పరిచిన పటం చుట్టూ వైమానిక దళపు యువతులు నిలబడి, శత్రు విమానాల గుర్తులను జరుపుతుండేవారు. ఏ స్క్వాడ్రన్ ఎక్కడికి లేవాలో ఇలాంటి బల్లలు చూసే నిర్ణయించేవారు. 1940 వేసవిలో జర్మన్ విమానాలు వందల కొద్దీ వచ్చినప్పుడు, ఉన్న కొద్దిమంది పైలట్లు రోజంతా గాలిలో గస్తీ తిరిగి అలసిపోకుండా, అవసరమైనప్పుడే లేవగలిగారు. మా దృష్టిలో వాట్సన్-వాట్ చేసిన అసలు పని యంత్రం కనిపెట్టడం కన్నా ఇదే. యంత్రాన్ని, టెలిఫోన్‌ను, బల్లను, మనుషులను ఒక్క తాటి మీదికి తెచ్చిన ఏర్పాటులో ఆయన చెయ్యి చాలా ఉంది.

ఆయనను ‘రాడార్ పితామహుడు’ అంటారు. ఆ బిరుదు ఒక్కరికే కట్టబెట్టడం సరికాదు. ఓడలను రేడియోతో గుర్తించే పరికరానికి జర్మనీలో హుల్స్‌మేయర్ 1904లోనే పేటెంటు తీసుకున్నాడు. ‘రాడార్’ అనే పేరు 1940లో అమెరికా నౌకాదళం పెట్టింది. వాట్సన్-వాట్‌కు 1942లో ‘సర్’ బిరుదు వచ్చింది. లెక్క వేసిన విల్కిన్స్ పేరు మాత్రం చాలామంది వినలేదు. మీ నోటుబుక్కులో రెండు పేర్లూ రాసుకోండి.

యుద్ధం అయ్యాక, 1956లో, కెనడాలో ఒక రోజు పోలీసులు వాట్సన్-వాట్ ప్రయాణిస్తున్న కారును వేగం మించిందని ఆపారు. పట్టుకున్నది రాడార్! జరిమానా కట్టి, ఆ సంగతి మీద తనను తానే వెక్కిరించుకుంటూ ఒక పద్యం కూడా రాశాడాయన.

యుద్ధకాలంలో రాడార్ తెరమీద వానచినుకులు అడ్డొచ్చి విసిగించేవి. ఇప్పుడు వాటి కోసమే రాడార్లు పెడుతున్నాం. మచిలీపట్నంలో, విశాఖపట్నంలో వాతావరణ శాఖ రాడార్లు బంగాళాఖాతం మీది తుఫాను మబ్బులను కనిపెట్టి చూస్తుంటాయి. సెలవుల్లో అటు వెళ్లినప్పుడు తెల్లటి గుండ్రని గుమ్మటం కనిపిస్తే ఆగి చూడండి. ఈలోగా ఈ లెక్క చేయండి: విశాఖ రాడార్ పంపిన తరంగం ఒక మబ్బును తాకి సెకనులో 1000వ వంతుకు రెండింతల కాలంలో తిరిగి వచ్చింది. ఆ మబ్బు ఎంత దూరంలో ఉంది?