తలకు రూపు దిద్దిన తల్లులు

పసిబిడ్డకు నీళ్లు పోయడం మీరంతా చూసే ఉంటారు. అమ్మమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుంటుంది. ఒంటికి నూనె రాస్తుంది. అరచేత్తో తల నిమురుతుంది. "తల గుండ్రంగా రావాలి గదమ్మా!" అంటుంది.

మన దగ్గర చేత్తో నిమురుతారు. వెనకటి రోజుల్లో కొన్ని దేశాల తల్లులు బిడ్డ తలకు చెక్కలే కట్టేవారు. ఎందుకు కట్టారు? ఎలా కట్టారు? చదవండి.

పసితల మెత్తన

పెద్దవాళ్ల పుర్రె గట్టిగా ఉంటుంది. పుట్టిన బిడ్డ పుర్రె అలా ఉండదు. అందులో ఎముక పలకలు విడివిడిగా ఉంటాయి. పలకల నడుమ సందులుంటాయి. అందుకే కాన్పులో తల కొంచెం నొక్కుకుని బయటికి వస్తుంది. నడినెత్తిన మెత్తగా ఉండే చోటును మాడు అంటాం. సాధారణంగా ఏడాదిన్నర నాటికి మాడు పూడుకుంటుంది. ఎముక మెత్తగా ఉన్న ఆ రోజుల్లోనే తలకు రూపు మార్చేవారు.

మాయా జనం

సముద్రాలకు అవతల మెక్సికో, గ్వాటెమాల అనే దేశాలున్నాయి. అక్కడ మాయా అనే జనం ఉన్నారు. వాళ్ల పూర్వీకులు మొక్కజొన్న పండించారు. పెద్ద పెద్ద రాతిగుళ్లు కట్టారు. బిడ్డ పుట్టిన నాలుగైదు రోజులకే తలకు రెండు చెక్కలు కట్టేవారు. నుదుటి మీద ఒకటి, తల వెనక ఒకటి. కొన్నాళ్లకు నుదురు వెనక్కి వాలేది. తల పొడుగ్గా వచ్చేది.

స్పెయిన్ నుంచి వెళ్లిన దియేగో ద లాండా అనే క్రైస్తవ సన్యాసి 1566 ప్రాంతంలో ఈ సంగతి రాశాడు. ఆ బాధకు కొందరు పిల్లల ప్రాణం మీదికి వచ్చేదని కూడా రాశాడు.

ఇంకా ఎక్కడెక్కడ?

పెరూ దేశంలో పరాకస్ అనే చోటు ఉంది. అక్కడ రెండు వేల ఏళ్ల నాటి సమాధులు 1920లలో తవ్వారు. అందమైన నేత బట్టల్లో చుట్టిన శవాలు దొరికాయి. చాలా పుర్రెలు పొడుగ్గా ఉన్నాయి.

ఆఫ్రికాలో కాంగో దేశం ఉంది. అక్కడి మంగ్‌బెటు జనం బిడ్డ తలకు గుడ్డ బిగించి చుట్టేవారు. ఇది 1950ల నాటికి చాలావరకు ఆగిపోయింది. ఫ్రాన్సులో తులూజ్ పట్నం చుట్టుపక్కల పల్లెల్లో కూడా తలకు గుడ్డ కట్టేవారు.

ఎందుకు చేశారు?

పొడుగు తల అందమని కొందరు అనుకున్నారు. గొప్పింటి గుర్తు అని కొందరు అనుకున్నారు. "వీడు మనవాడు" అని తెలియడానికి కొందరు చేశారు. ఆ తల్లులకు బిడ్డ మీద ప్రేమ లేక కాదు. "నా బిడ్డను చూసి నలుగురూ నవ్వకూడదు" అనే ఆరాటం వాళ్లది. కానీ బాధ పడింది మాత్రం బిడ్డ. వద్దని చెప్పడానికి బిడ్డకు నోరు లేదు.

నలుగురూ పెట్టిన ఆచారమే అది. నలుగురూ మానేస్తే పోయింది.

మనం ఏం చేయాలి?

బిడ్డకు నూనె రాయండి. మెల్లగా నిమరండి. తల ఒత్తకండి. మాడు మీద నొక్కకండి. కాన్పులో సాగిన తల కొద్ది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది. విరేచనాలైనప్పుడు మాడు లోపలికి దిగిందా? ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చెప్పండి చూద్దాం

1. పసిబిడ్డ తల ఎందుకు మెత్తగా ఉంటుంది?
2. మాయా తల్లులు చెక్కలు ఎక్కడెక్కడ కట్టేవారు?
3. అందం కోసం, నలుగురి మాట కోసం మనం పిల్లల్ని బాధపెట్టే పనులు ఏమైనా ఉన్నాయా? మీ పక్కవారితో మాట్లాడండి. రెండు మాటలు రాయండి.