కింది శృతిలో ఎత్తుకున్న పాట

చెల్లీ, నువ్వు ఫోన్లో పంపిన ‘శివశంకరీ’ విన్నాను. విన్నానంటే, అందులో నువ్వు పంపిన అర నిమిషం విన్నాను. స్వరాలు ఉరకలేస్తున్నాయి, మృదంగం వాటి వెంట పడుతోంది, ఘంటసాల గారి గొంతు ఎక్కడో పైన ఉంది. కింద ‘ఒళ్ళు పులకరించిందక్కా’ అని రాశావు. నాకు పులకరించలేదు. అక్కకి వయసు మీద పడిందని నవ్వుకుంటున్నావు కదూ? ఆగు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక అదే పాట మొదటి నుంచీ పెట్టుకున్నాను. నువ్వు పంపిన ఆ చోటు వచ్చేసరికి చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పాట అదే, గొంతు అదే, వినేదీ నేనే. మరి ఆ ముక్కలో లేనిదేమిటి? ఇవాళ ఆ ముచ్చటే చెప్పుకుందాం.

1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’ పాట అది. పింగళి నాగేంద్రరావు గారు రాశారు, పెండ్యాల నాగేశ్వరరావు గారు దర్బారీ కానడలో బాణీ కట్టారు. దర్బారీ అసలే నిదానస్తుల రాగం. మంద్రస్థాయిలో మసలాలి, గాంధారాన్ని మెల్లగా ఊపాలి, తొందరపడితే దాని పెద్దరికం పోతుంది. ఘంటసాల గారు పల్లవిని అమ్మవారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడిలా మొదలుపెడతారు. కథలో పాటతో రాతిని కరిగించాల్సిన మనిషి, కాస్త దర్పంగానే మొదలెట్టొచ్చు కదా! లేదు. అడుగుతాడు, బతిమాలతాడు, కొంచెం కొంచెంగా గొంతు విప్పుతాడు. ఆలాపనలు పొడుగవుతాయి, స్వరాలు వస్తాయి, తెరమీద ఒక్క ఎన్టీఆర్ కాస్తా అయిదుగురవుతారు. పాడేదీ ఆయనే, వీణ మీటేదీ ఆయనే, మృదంగం వాయించేదీ ఆయనే. కంప్యూటర్లు లేని రోజుల్లో మార్కస్ బార్‌ట్లే కెమెరాతో చేసిన గారడీ అది. పాటలో పెరిగిన మనుషులే తెరమీదా పెరిగారన్నమాట. ఆ పెరగడం చూడకుండా ఆఖరి అర నిమిషం చూస్తే, ఒకే మొహం ఉన్న అయిదుగురు హడావిడి పడుతున్నట్టు కనిపిస్తుంది, అంతే.

మా పక్కింటి బౌదీకి తెలుగు ఒక్క ముక్క రాదు. బౌదీ అంటే వదిన, ఇక్కడ బెంగాల్లో పక్కింటావిడని అలాగే పిలుస్తాం. కిటికీలోంచి పాట వినపడిందేమో, ‘ఇది దర్బారీ కదా!’ అంటూ వచ్చేసింది. తర్వాత రోజు సాయంత్రం స్టేషను పక్క చెరువుగట్టు మీద నడుస్తూ ఉస్తాద్ అమీర్ ఖాన్ దర్బారీ గురించి చెప్పింది. ఆయన రికార్డొకటుంది, ఒక వైపు మార్వా, ఇంకో వైపు దర్బారీ. మన కచేరీలకు అలవాటుపడ్డ చెవికి మొదట్లో విసుగొస్తుంది, ముందే చెబుతున్నాను. పద్నాలుగు మాత్రల ఝూమ్రా తాళం, అతి విలంబం. ఒక మాత్రకీ ఇంకో మాత్రకీ మధ్య ఇంట్లో ఏదో ఒక పని చక్కబెట్టుకుని రావచ్చనిపిస్తుంది. అయితే కాసేపు కదలకుండా కూర్చుంటే ఆ ఖాళీల్లో ఆయన ఒక్కో స్వరాన్నీ తెచ్చి కూర్చోబెట్టడం తెలుస్తుంది. ఆఖర్న తరానా వచ్చేసరికి ఆ స్వరాలన్నీ మనకు చుట్టాలైపోయి ఉంటాయి. అందుకే వేగంగా పరుగెత్తినా ఒక్కటీ తప్పిపోదు.

ఒక సంగతి తెలుసా? ఘంటసాల గారు మద్రాసులో పోయింది 1974 ఫిబ్రవరి 11న. అమీర్ ఖాన్ గారు ఇక్కడ కలకత్తాలో కారు ప్రమాదంలో పోయింది ఆ నెల 13న. దర్బారీని మనకొకరూ వీళ్ళకొకరూ నిలబెట్టిన ఇద్దరూ రెండు రోజుల తేడాతో వెళ్ళిపోయారు. ఈ మాట చెబితే బౌదీ నడక ఆపేసింది.

కలకత్తా అంటున్నాను గానీ మా సంత్రాగాఛి గంగకి ఇవతల, హౌరా జిల్లాలో ఉంది. ఊళ్ళో వాళ్ళకి కలకత్తా అని చెప్పుకుంటాం, అదొక దర్జా. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచీ మనవాళ్ళు రైలుపనికి ఈ లైన్లోకి వస్తూనే ఉన్నారు. ఖరగ్‌పూర్‌లో అయితే వీధుల్లోనే తెలుగు వినపడుతుంది. ఇక్కడ కొంచెమే, శ్రీరామనవమికి ఒక పందిరి వేసుకుని భజన పెట్టుకునేంత. ఆ భజనే నాకు పాటల సంగతి నేర్పింది.

ఉషారుగా ఉండే కొత్త కోడలికి మొదటి పాట ఇచ్చామనుకో. మైకు చేతికొచ్చిన సంబరంలో అయిదున్నర శృతిలో, ఇంకా పైన ఎత్తుకుంటుంది. పల్లవి ఘనంగా ఉంటుంది. చరణం పైకి వెళ్ళేసరికి అమ్మాయి గొంతు కీచుమంటుంది, వెనక వంత పాడే మగవాళ్ళు నోళ్ళు మూసేసి తాళాలు గట్టిగా కొడుతూ కాలక్షేపం చేస్తారు. హార్మోనియం తాతగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. అదే విజయనగరం పిన్నిగారు మొదలుపెడితే వేరు. ఆవిడ గొంతు మొదట్లో పక్కవాళ్ళకే వినపడుతుంది. ‘గట్టిగా పాడండి పిన్నీ’ అని కుర్రాళ్ళు అరుస్తారు. ఆవిడ పట్టించుకోదు. కింద ఎత్తుకుంటుంది కాబట్టి ముసలాయనకీ పాట అందుతుంది, అయిదో క్లాసు పిల్లకీ అందుతుంది. రెండో చరణానికి చప్పట్లు కలుస్తాయి, మూడోదానికి డోలక్ కాలం పెంచుతుంది, ఆవిడ అప్పుడు ఒక మెలిక పైకి వేస్తుంది. పందిరంతా ఆ మెలికనే పట్టుకుని లేస్తుంది. ఆఖర్న ఆవిడ పాడటం మానేసి తాళం మాత్రమే వేస్తున్నా ఎవరూ గమనించరు.

ఆవిడ బిడియస్తురాలని నేను చాన్నాళ్ళు అనుకునేదాన్ని. కాదు చెల్లీ. తర్వాత వచ్చేవాళ్ళకి చోటు వదులుతోంది.

మన వైపు తప్పెటగుళ్ళు గుర్తున్నాయా? గుండెకు రేకు తప్పెట కట్టుకుని, కాళ్ళకి గజ్జెలు వేసుకుని, వరసలు కట్టి నిలబడతారు. గురువు ఒక మాట పాడతాడు, గుంపు అందుకుంటుంది. మొదట్లో ఊరికే ముందుకీ వెనక్కీ ఊగుతున్నట్టు ఉంటుంది. అదేం ఆట అనుకునేలోపు దెబ్బ చిక్కనవుతుంది, గెంతులు మొదలవుతాయి, చివరికి ఒకరి భుజాల మీద ఒకరెక్కి కూడా వాయిస్తారు. మొదటి వరసే గెంతుతూ మొదలుపెట్టి ఉంటే రాత్రంతా ఆడగలరా?

పాటలో మనుషులు కూడే మాట వస్తే నాకు ‘మా భూమి’ తప్పకుండా గుర్తొస్తుంది. 1980లో విడుదలైన ఆ సినిమా తీసింది ఇక్కడి మనిషి, గౌతమ్ ఘోష్. నిర్మాతల్లో బి. నర్సింగరావు గారొకరు. తెలంగాణ రైతాంగ పోరాటం కథని కలకత్తా నుంచి వచ్చిన కుర్రవాడు తీయడం, అదే అతని మొదటి కథాచిత్రం కావడం, నాకిప్పటికీ ఆశ్చర్యమే. అందులో గద్దర్ భుజాన గొంగడితో వచ్చి యాదగిరి కట్టిన ‘బండెనక బండి కట్టి’ పాడతాడు. ఆ పాట కట్టుబాటే బండికి బండి చేరడం. ఒక్కడి గొంతు, చేతిలో కర్ర. ఆ గొంతుకి ఇంకో గొంతు. వాద్యాలతో పెద్దది చేయాల్సిన పనే లేదు, మనుషులు చేరితే చాలు. పోరాటం రోజుల్లో ఊళ్ళలో పాడినప్పుడు మాత్రం ఏ వాద్యబృందం ఉంది?

అదే సినిమాలో సుద్దాల హనుమంతు గారి ‘పల్లెటూరి పిల్లగాడా’ ఉంది, సంధ్య గారు పాడారు. అది పైకి ఎగరదు, పశులగాసే పిల్లాడిని పలకరిస్తూ అలాగే లోపలికి దిగిపోతుంది. హనుమంతు గారి అబ్బాయే సుద్దాల అశోక్ తేజ. మీ పిల్లలకి ఆయన ‘ఆర్ఆర్ఆర్’లో ‘కొమురం భీముడో’ రాసిన ఆయనగా తెలుసు. 2022లో వచ్చిన ఆ సినిమాలో ‘నాటు నాటు’కి ఆస్కారు వచ్చింది, సంతోషమే, మేమూ ఇక్కడ మిఠాయిలు పంచుకున్నాం. నన్నడిగితే మాత్రం పెద్ద పాట ‘కొమురం భీముడో’నే. కట్టేసి కొరడాలతో కొడుతుంటే ఒక మనిషి తనకు తాను చెప్పుకునే ధైర్యంగా మొదలవుతుంది. కాలభైరవ గొంతులో తడి ఉంది, కేకలు లేవు. ఆ పాటకే అతనికి జాతీయ అవార్డు వచ్చింది. కీరవాణి గారు వాద్యాల్ని చాలాసేపు ఆపి ఉంచారు. చుట్టూ నిలబడి చూస్తున్న జనంలో ఏదో కదిలాకే పాట పెద్దదవుతుంది. అంటే పాట పెరగడానికి కథలో ఒక కారణం దొరికిందన్నమాట.

కారణం లేకుండా పెంచేవాళ్ళతోనే నాకు పేచీ. ఈ మధ్య సినిమా పాటల్లో ఇది అలవాటైపోయింది. మొదట గిటారు మీద గుసగుస, ఆఖరి చరణానికి వయొలిన్లు, డప్పులు, గుంపు కోరస్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. చప్పుడు పెరుగుతుంది, పాట మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటావేమో! సంత్రాగాఛిలో ఉండేదాన్ని పట్టుకుని ఆ సామెత అనకు. బెంగాల్లో కందకి పేరు మా ఊరే. బజారులో ‘సంత్రాగాఛి ఓల్’ అని అడిగి మరీ కొంటారు. కంద బచ్చలి వండి బౌదీకి పంపిస్తే, ఆవగింజ తగిలినందుకు మహా సంబరపడింది, ఆవ వీళ్ళకి ప్రాణం.

ఇక్కడి వాళ్ళ దగ్గర నేను దండం పెట్టేది ఒకటుంది. మహాలయ అమావాస్య తెల్లవారుజామున నాలుగింటికి రేడియోలో వచ్చే ‘మహిషాసురమర్దిని’. 1931 నుంచీ ఉంది. బాణీకుమార్ రచన, పంకజ్ మల్లిక్ సంగీతం, బీరేంద్ర కృష్ణ భద్ర గళం. శంఖం ఊదాక ఆయన మామూలుగా, పొద్దున్నే లేచి వాతావరణం చెబుతున్నట్టు, శరదృతువు వచ్చిందని మొదలెడతారు. మధ్యమధ్య పాటలు. దాదాపు గంటన్నర. చండీ స్తోత్రం దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి గొంతు బొంగురుపోయి, వణికి, ఏడుపు దాకా వెళుతుంది. ఒక ఏడాది, 1976లో, రేడియోవాళ్ళు దాన్ని తీసేసి మహానటుడు ఉత్తమ్ కుమార్‌తో కొత్త కార్యక్రమం వేశారు. ఉత్తమ్ కుమార్ అంటే ఇక్కడ మన అక్కినేని నాగేశ్వరరావు గారంత. అయినా జనం ఒప్పుకోలేదు, గొడవ చేశారు. మళ్ళీ పాతదే తెచ్చుకున్నారు. మా క్వార్టర్స్‌లో ఆ వేళకి అన్ని కిటికీల్లోంచీ అదే వినపడుతుంది, మనవాళ్ళ ఇళ్ళు కూడా కలుపుకుని.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఇదంతా ఒకే చోట చూడాలంటే అక్కడే చూడాలి. శ్యామశాస్త్రి గారి భైరవి స్వరజతి, ‘కామాక్షీ అనుదినము’. తంజావూరులో ఉండి తెలుగులో రాశారు, 1762 నుంచి 1827 దాకా ఉన్న మనిషి. స్వరజతి అంతకుముందు నాట్యానికి వాడుకునే సరుకు, ఆయన జతుల్ని తీసేసి పాడుకునే పాట చేశారు. మిశ్రచాపు, ఏడు దెబ్బల నడక. ఎనిమిది చరణాలు. మొదటి చరణం స తో మొదలవుతుంది, రెండోది రి తో, మూడోది గ తో, అలా మెట్టు మెట్టు ఎక్కుతూ ఎనిమిదోది పై షడ్జంతో. ప్రతి చరణం అయ్యాక మళ్ళీ కిందికి, పల్లవికి రావాల్సిందే. పైకి వెళ్ళిన ప్రతిసారీ కామాక్షి దగ్గరికే తిరిగి వస్తావు, ప్రతిసారీ ఇంకొంచెం ఎత్తు నుంచి దిగి వస్తావు కాబట్టి ఆ పేరు ప్రతిసారీ వేరుగా వినపడుతుంది. ఎనిమిదో చరణం ఒక్కటే విడిగా పాడి చూడు, బాగానే ఉంటుంది, ఓ మంచి వాక్యంలా. మిగతా ఏడూ పాడి అక్కడికి వెళ్ళు, అమ్మవారితో ఇక దాచుకునేదేమీ లేని మనిషి మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

మా కింది వాటాలో ఉండే తెలుగు పిల్ల ఇప్పుడు అదే నేర్చుకుంటోంది. దానికి ఎనిమిదో చరణం మీదే కన్ను, అది పాడితేనే అందరూ చప్పట్లు కొడతారని ఎవరో చెప్పారట. ని చరణం దగ్గర గొంతు చీలుతోంది. మొన్న టీచరుగారు ఓపిగ్గా విని, రేపటి నుంచి అర శృతి తగ్గించి మొదటి నుంచీ మొదలెడదామన్నారు. పిల్ల మొహం మాడిపోయింది. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, ‘టీచరుకి మీరు కాస్త చెప్పండి పిన్నీ’ అంది. నేను టీచరు పక్షమేనని చెప్పాను. రెండు రోజుల నుంచి ఆ ఇంటి నుంచి కరివేపాకు రావడం లేదు.