రాతి కొట్టాలు

ఇంగ్లండులో యార్క్‌షైర్ డేల్స్ అనే కొండలోయల ప్రాంతం ఉంది. అక్కడి పొలాల్లో వేలాది పాత రాతి కొట్టాలు ఉన్నాయి.

వెనకటికి చలికాలంలో ఆవుల్ని వాటిలో కట్టేసేవారు. అటక మీద ఎండుగడ్డి, కింద పశువులు. పేడ ఆ పొలానికే ఎరువు. ఇప్పుడు పశువులు పెద్ద షెడ్లలో ఉంటున్నాయి. కొట్టాలు ఖాళీ అయ్యాయి. కప్పు పాడైతే గోడ కూడా కూలుతుంది.

"మరి ఇల్లు చేసుకుంటే పోలా?" అంటారు కొందరు. అక్కడ ఇళ్ళ ధరలు ఎక్కువ. సొంత ఊళ్ళో ఇల్లు దొరక్క పడుచువాళ్ళు వెళ్ళిపోతున్నారు.

కొట్టం తనదే అయినా ఇల్లుగా మార్చాలంటే అనుమతి కావాలి. ఎందుకంటే ఆ ప్రాంతం 1954 నుంచి జాతీయ పార్కు. దరఖాస్తు వస్తే పార్కు సంస్థ పరిశీలిస్తుంది. గోడలు గట్టిగా ఉన్నాయా? దారి ఉందా?

పొలం నడుమ ఇల్లు వస్తే రోడ్డు, కరెంటు తీగలు, కార్లు వస్తాయి. పచ్చిక బయళ్ళ అందం పోతుంది. అందుకని 2016లో ఒక నియమం పెట్టారు. రోడ్డు పక్క కొట్టాన్ని ఇల్లు చేసుకోవచ్చు. అందులో స్థానికులు ఉండాలి, లేదా యాత్రికులకు అద్దెకివ్వాలి. పొలం నడుమ కొట్టానికి ఆ వీలు లేదు.

చర్చించండి:
1. కొట్టం తనదే అయినా అనుమతి ఎందుకు?
2. పొలం నడుమ కొట్టం కూలిపోతే నష్టం ఎవరికి?
3. నిర్ణయం మీదైతే ఏం చేస్తారు?