రేకు డబ్బాలో నాదవిద్య

పాఠ్యభాగ పరిచయం

బజారులో దొరికే వస్తువును కొని వాడుకోవడం ఒక పద్ధతి. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకొని, స్వయంగా నిర్మించుకొని, లోపాలను దిద్దుకోవడం మరొక పద్ధతి. రెండవ పద్ధతిలో వస్తువుతో పాటు వివేకమూ లభిస్తుంది. ఒక చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్‌ను ఉదాహరణగా తీసుకొని, నిర్మాణంలోనూ మార్పుచేర్పులలోనూ పాటించవలసిన సంయమనాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

నాదాన్ని చెవి దగ్గరకు తెచ్చిన సాధనం హెడ్‌ఫోన్. దాని చరిత్రలో ఇంటి చేతిపనికి గౌరవస్థానం ఉంది. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నేథనియల్ బాల్డ్విన్ తన వంటింట్లోనే హెడ్‌ఫోన్లను చేతితో తయారుచేసి ఆ దేశపు నౌకాదళానికి పంపాడు. నౌకాదళం వాటిని పరీక్షించి, మెచ్చి, మరిన్ని కావాలని కోరింది. గొప్ప కర్మాగారంలోనే గొప్ప వస్తువు పుడుతుందనే నియమం లేదని ఆనాడే రుజువైంది.

హెడ్‌ఫోన్లన్నీ ఒకే తీరువి కావు. కొన్నింటి నిరోధం 32 ఓములు. మరికొన్నింటిది 300 ఓములు. ఎక్కువ నిరోధం గల హెడ్‌ఫోన్లకు యథోచితంగా ఎక్కువ వోల్టేజి అందాలి. జేబులో పట్టే చిన్న పరికరాలు చాలాసార్లు దానిని అందించలేవు. అప్పుడు పాట నీరసంగా వినిపిస్తుంది. ఆ కొరతను తీర్చడానికి మధ్యలో అమర్చే పరికరమే హెడ్‌ఫోన్ ఆంప్లిఫైయర్.

అటువంటి ఆంప్లిఫైయర్‌ను ఎవరైనా నిర్మించుకోగలిగేటట్లు 1990ల చివరలో చూ మోయ్ అనే అమెరికన్ ఒక సులభమైన నమూనాను అందించాడు. అభిమానులు దానికి ‘సీమోయ్’ అని ఆయన పేరే పెట్టుకున్నారు. పిప్పరమెంటు బిళ్ళల రేకు డబ్బాలో దానిని అమర్చుకోవడం ఒక ఆచారమైంది. అందుకు కావలసిన విడిభాగాలు అరుదైనవి కావు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజారులో నిరోధాలు, కెపాసిటర్లు, సోల్డరింగ్ సామగ్రి విద్యార్థులకు అందుబాటులోనే ఉంటాయి.

దీని నిర్మాణం సరళమైనది. ధ్వనిసంకేతం అలలాగా పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. ఆ రెండు గతులకూ చోటు కావాలి. కాబట్టి 9 వోల్టుల బ్యాటరీ శక్తిని రెండు 4.7 కిలో ఓముల నిరోధాలతో సమంగా పంచి, నడుమ ఒక మధ్యబిందువును ఏర్పరుస్తారు. దానికి పైన 4.5 వోల్టులు, కింద 4.5 వోల్టులు ఉంటాయి. ఆ బిందువు చలించకుండా రెండు కెపాసిటర్లు కాపుకాస్తాయి. అసలు పని చేసేది ‘ఆప్-ఆంప్’ అనే చిన్న చిప్పు. ఓపీఏ2134 అటువంటిదే. అందులో రెండు చెవులకు రెండు ఆంప్లిఫైయర్లు ఉంటాయి.

ఆప్-ఆంప్‌కు సహజంగా ఉన్న వృద్ధి లక్షల రెట్లలో ఉంటుంది. అంత బలాన్ని అదుపులేకుండా వదిలితే వెలువడేది సంగీతం కాదు, రొద. దానిని అదుపు చేసే ఉపాయం హెరాల్డ్ బ్లాక్ అనే యువ ఇంజనీరుకు తట్టింది. బెల్ లేబొరేటరీస్‌లో పనిచేస్తున్న ఆయన 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయం హడ్సన్ నదిని పడవలో దాటుతూ ఉద్యోగానికి వెళుతున్నాడు. దూరప్రాంతాల టెలిఫోన్ మాటలు ఆంప్లిఫైయర్లలో వక్రించడం అప్పటి పెద్ద సమస్య. పరిష్కారం హఠాత్తుగా స్ఫురించగా, చేతిలోని వార్తాపత్రికపైనే ఆయన దానిని రాసుకున్నాడు. అదే ఋణ ఫీడ్‌బ్యాక్. ఆ ఆవిష్కరణకు 1937లో పేటెంటు లభించింది.

దాని సారాన్ని కచేరీలో గమనించవచ్చు. మంచి గాయకుడు తంబురా శ్రుతిని వింటూ, తన గొంతునూ తానే వింటూ, ఏ మాత్రం తేడా వచ్చినా క్షణంలో సరిదిద్దుకుంటాడు. ఆంప్లిఫైయర్ కూడా తాను వెలువరించిన దానిలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చుకుంటుంది, లోపలికి వస్తున్న సంకేతంతో పోల్చుకుంటుంది, తేడాను తగ్గించుకుంటుంది. అందుకోసం తన బలంలో చాలా భాగాన్ని వదులుకుంటుంది. బలాన్ని వదులుకొని నిజాయితీని సంపాదించడమే ఈ విద్యలోని మర్మం.

సీమోయ్‌లో ఆ పనిని చేసేవి రెండు నిరోధాలు. ఒకటి 10 కిలో ఓములు, మరొకటి 1 కిలో ఓము. పెద్దదానిని చిన్నదానితో భాగించి 1 కలిపితే వృద్ధి తెలుస్తుంది. అంటే 11 రెట్లు. 300 ఓముల హెడ్‌ఫోన్‌కు ఇది ఉపకరించవచ్చు. సున్నితమైన 32 ఓముల ఇయర్‌ఫోన్‌కు మాత్రం అధికం. మీటను కొద్దిగా తిప్పగానే శబ్దం చెవిని తాకుతుంది. పాటతో పాటు రొద కూడా పెరుగుతుంది. 1 కిలో ఓము స్థానంలో 3.3 కిలో ఓముల నిరోధాన్ని అమర్చితే వృద్ధి సుమారు 4 రెట్లకు దిగుతుంది. పాట నెమ్మదిస్తుంది, నిర్మలమవుతుంది. తగ్గించడం కూడా మెరుగుదలే అని మొదటి మార్పే నేర్పుతుంది.

రెండవ మార్పు మరింత జాగ్రత్తను కోరుతుంది. ఒక చిప్పును తీసి మరొకదానిని పెట్టి వినడం ఈ అభిరుచి గలవారికి సరదా. ఎన్‌ఈ5532 ధ్వని పరికరాలలో పేరుపొందిన మంచి చిప్పు. అయితే దాని ప్రవేశద్వారం సాధారణంగా 200 నానో ఆంపియర్ల ప్రవాహాన్ని కోరుతుంది. ఓపీఏ2134 కోరేది అత్యల్పం. ఆ 200 నానో ఆంపియర్లు సీమోయ్‌లోని 100 కిలో ఓముల నిరోధం గుండా వెళితే 20 మిల్లీవోల్టులు ఏర్పడతాయి. 11 రెట్లు పెరిగితే అవి 220 మిల్లీవోల్టులు! పాట లేకపోయినా ఆ నిలకడ వోల్టేజి హెడ్‌ఫోన్‌పై పడుతుంది. లోపలి పొర ఒక పక్కకు ఒరుగుతుంది, బ్యాటరీ మధ్యబిందువు చెదురుతుంది, ధ్వని వక్రిస్తుంది. చిప్పు మంచిదే, చోటు సరైనది కాదు.

కాబట్టి హెడ్‌ఫోన్ తగిలించకముందే మల్టీమీటరుతో కొలవాలి. కొలత కొద్ది మిల్లీవోల్టులలో ఉంటేనే ముందుకు సాగాలి. అప్పుడు కూడా తొలి పరీక్షకు పాత ఇయర్‌ఫోన్లనే వాడాలి. ఒకసారి ఒక్క భాగాన్నే మార్చాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే మంచికీ చెడుకూ కారణమేదో తేలదు. పోల్చి వినేటప్పుడు రెండింటి శబ్దస్థాయి సమానంగా ఉండాలి. ఎందుకంటే కొంచెం బిగ్గరగా వినిపించేదే మేలైనదని మనసు పొరబడుతుంది.

చివరగా మరువరాని మాట ఒకటి ఉంది. చెవి ఒక జ్ఞానేంద్రియం. లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో తిరిగి మొలవవు. పెద్దలు వారానికి 40 గంటలకు మించి 80 డెసిబెల్‌ల శబ్దం వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. 90 డెసిబెల్‌లైతే ఆ పరిమితి వారానికి 4 గంటలే. ఆంప్లిఫైయర్ చేసుకున్నవాడి చేతిలో ఈ పరిమితిని దాటే శక్తి ఉంటుంది. శక్తి ఉన్నచోటే సంయమనం అవసరం. డబ్బాలోని ఏ భాగాన్నైనా విప్పి మార్చవచ్చు. పోయిన శ్రవణశక్తిని తెచ్చి అతికించే టంకం మాత్రం లేదు.

కఠిన పదాలకు అర్థాలు

సంయమనం = నిగ్రహం, అదుపు
స్ఫురించు = తట్టు, తోచు
వక్రించు = వంకరపోవు, రూపు చెడు
మర్మం = రహస్యం
టంకం = లోహపు ముక్కలను అతికించే పదార్థం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. ‘తగ్గించడం కూడా మెరుగుదలే’ – ఈ అభిప్రాయాన్ని పాఠ్యాంశం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఋణ ఫీడ్‌బ్యాక్‌ను గాయకుడితో ఎలా పోల్చారు?
2. మంచి చిప్పు కూడా తగని చోట ఎందుకు హాని చేస్తుంది?

III. సందర్భసహిత వ్యాఖ్య
1. శక్తి ఉన్నచోటే సంయమనం అవసరం.

IV. భాషాంశాలు
1. విడదీసి, సంధి పేరు తెలపండి: అత్యల్పం, జ్ఞానేంద్రియం.
2. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు తెలపండి: మార్పుచేర్పులు, శ్రవణశక్తి.