ఇష్టం - అభిప్రాయం

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అని తెలుగువారి సామెత. ఒకరికి నచ్చినది మరొకరికి నచ్చకపోవడం లోకసహజం. అయితే నచ్చడం వేరు, అభిప్రాయం కలిగి ఉండడం వేరు. 'ఆ ఆట నాకు నచ్చింది' అన్నవాణ్ణి ఎవరూ ఎందుకని నిలదీయరు. నచ్చింది, అంతే. 'ఆ ఆట మంచిది' అన్నవాడు మాత్రం ఆ మాటతోపాటు ఒక బాధ్యతను కూడా నెత్తికెత్తుకుంటాడు. ఎవరికి మంచిది, దేనితో పోలిస్తే మంచిది, ఏ మేరకు మంచిది అని ఎదుటివారు అడుగుతారు. ఆ ప్రశ్నలకు తట్టుకొని నిలిచేది అభిప్రాయం. నిలవలేనిది ఇష్టంగానే మిగిలిపోతుంది. ఇష్టంగా మిగలడంలో తప్పేమీ లేదు. ఇష్టాన్ని అభిప్రాయంగా చెలామణి చేయడంలోనే చిక్కంతా ఉన్నది.

కరీంనగర్‌లోనైనా, ఆదిలాబాద్‌లోనైనా జూనియర్ కళాశాల విద్యార్థుల వసతి గృహంలో రాత్రి భోజనాల తరువాత సాగే వాదాలు వింటే ఈ భేదం తేలికగా బోధపడుతుంది. అక్కడ తరచుగా వినవచ్చే విషయాలు మూడు: తెరమీది ఫుట్‌బాల్, చేతిలోని స్మార్ట్‌ఫోన్, ఒక్కరోజు పట్నం ప్రయాణం.

ఫుట్‌బాల్ వీడియో క్రీడలకు మరీ దీర్ఘమైన చరిత్ర లేదు. 1993లో ఈఏ స్పోర్ట్స్ సంస్థ 'ఫిఫా ఇంటర్నేషనల్ సాకర్' అనే ఆటను విడుదల చేసింది. మేడమీద నిలబడి ఏటవాలుగా మైదానాన్ని చూస్తున్నట్లుండేది ఆ ఆట. అందులోని ఆటగాళ్ల పేర్లు కల్పితాలు. ఆ తరువాతి సంచికలలో నిజమైన ఆటగాళ్లు, నిజమైన జట్లు వచ్చి చేరాయి. జపానుకు చెందిన కొనామి సంస్థ 'ప్రో ఎవల్యూషన్ సాకర్'తో దానికి గట్టి పోటీనిచ్చింది. ఆ ఆట పేరు 2021లో 'ఈఫుట్‌బాల్'గా మారింది. ఫిఫా పేరు కూడా 2023లో తొలగిపోయి 'ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ' అయింది. 2018 జకార్తా ఆసియా క్రీడలలో ఎలక్ట్రానిక్ క్రీడలను ప్రదర్శనగా ఆడించగా, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో వాటికి పతకాలే ఇచ్చారు. ఆ పతకాల పోటీలలో ఫుట్‌బాల్ కూడా ఒకటి. కనుక 'ఇది పిల్లలాట' అని కొట్టిపారేసే పెద్దల మాట నేడు నిలిచేది కాదు.

అయినంత మాత్రాన అది మైదానంలో ఆడే ఆటతో సమానమా? ఇక్కడే విద్యార్థులు రెండు పక్షాలవుతారు. తెరమీది ఆట వలన నియమాలు తెలుస్తాయని, ఏ స్థానంలోని ఆటగాడు ఏం చేయాలో అర్థమవుతుందని ఒక పక్షం. తొంభై నిమిషాల ఆటను పదీ పన్నెండు నిమిషాలకు కుదించి, బొటనవ్రేళ్లతో ఆడుతూ, చెమట పట్టకుండానే గెలుపు కోరడం ఆట ఎలా అవుతుందని రెండవ పక్షం. ఇరుపక్షాల మాటలలోనూ నిజమున్నది. కాని ఇద్దరూ మరచే విషయం ఒకటున్నది. తెరమీది ఆటగాడికి వేగం ఇంత, తన్నే బలం ఇంత, బంతిని అందించే నేర్పు ఇంత అని ముందే అంకెలు కేటాయిస్తారు. ఆడేవాడు ఆ అంకెలను చూసి జట్టును కూర్చుకుంటాడు. మనిషి అంకెలకు లొంగుతాడా అన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు హైదరాబాదు చరిత్రలోనే దొరుకుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడై, 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు సంవత్సరాలు ఆ జట్టుకు రోవర్స్ కప్పు తెచ్చిపెట్టినవాడు. భారత జట్టుకు శిక్షకుడిగా 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి ఆయనను క్యాన్సర్ పీడిస్తున్నది. ఆ పోటీలలో జర్నైల్ సింగ్ అనే రక్షక ఆటగాడి తలకు గాయమై కుట్లు పడ్డాయి. మరొక శిక్షకుడైతే అతనిని పక్కన కూర్చోబెట్టేవాడు. రహీం అతనిని తీసుకొనిపోయి ముందు వరుసలో నిలబెట్టాడు! జర్నైల్ సింగ్ సెమీఫైనల్‌లోనూ గోలు చేశాడు, ఫైనల్‌లోనూ చేశాడు. దక్షిణ కొరియాపై 2-1తో గెలిచి భారత్ స్వర్ణం అందుకున్నది. మరుసటి సంవత్సరమే, 1963లో, రహీం కన్నుమూశాడు. వీడియో ఆటలో అంకెలు చూసి జట్టు కట్టేవాడెవడూ కుట్లు పడిన తలతో ఉన్న రక్షకుణ్ణి గోలు కొట్టడానికి పంపడు.

'మనవాళ్లకు ఫుట్‌బాల్ ఎక్కడిది?' అని తేల్చేసే విద్యార్థి ఐరోపా జట్లలోని పదకొండుగురి పేర్లూ గడగడా చెప్పగలడు. సికింద్రాబాదువాడైన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు చేశాడన్న సంగతి మాత్రం అతనికి తెలియదు. ఇంత దూరం పోనక్కరలేదు. నిజామాబాద్ జిల్లా తండానుండి బయలుదేరిన గుగులోతు సౌమ్య భారత మహిళా జట్టులో ఆడి, 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ జట్టుకు కూడా ఆడింది. తెలియకపోవడం నేరం కాదు. తెలియనిదానిపై తీర్పు చెప్పడమే తొందరపాటు.

ఈ ఆటలలో డబ్బు ప్రసక్తి కూడా ఉన్నది. ఆటగాళ్ల కార్డులున్న మూటను డబ్బిచ్చి కొంటే, లోపల ఎవరున్నారో తెరిచేదాకా తెలియదు. ఇది జూదం కిందికే వస్తుందని బెల్జియం నియంత్రణ సంస్థ 2018లో తేల్చగా, 2019లో ఆ దేశంలో ఆ అమ్మకం ఆగింది. మన దేశంలో 2025లో వచ్చిన ఆన్‌లైన్ ఆటల చట్టం డబ్బు పందెపు ఆటలను నిషేధించి, ఎలక్ట్రానిక్ క్రీడలను వేరుగా గుర్తించింది. అంతకు ముందే, 2017లో, తెలంగాణ రాష్ట్రం ఆన్‌లైన్ పందేలను నిషేధించి ఉన్నది. 'ఆట మంచిదా, చెడ్డదా' అన్న ప్రశ్నను చట్టం రెండుగా చీల్చి చూసింది. వాదించేవారు కూడా అట్లా చీల్చి చూస్తే సగం కలహాలు తగ్గుతాయి.

స్మార్ట్‌ఫోన్ విషయంలో పెద్దలకు, పిన్నలకు మధ్య వాదం మరింత వేడిగా సాగుతుంది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమైన తరువాత అంతర్జాలం చవకై పల్లెలకు కూడా పాకింది. 'ఫోను చదువును మింగేస్తున్నది' అని తండ్రి అంటాడు. 'ఫోను లేకుంటే చదువే లేదు' అని కొడుకు అంటాడు. ఇద్దరూ తమ కళ్లతో చూసినదే చెబుతున్నారు. తండ్రి చూసినది రాత్రి పన్నెండింటికి దుప్పటిలో వెలుగుతున్న తెర. కొడుకు గుర్తు చేసేది 2020వ సంవత్సరం. ఆ ఏడాది కరోనా వలన విద్యాలయాలు మూతపడగా, సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలోను, ఫోన్లలోను వచ్చాయి. ఆ నెలలలో ఇంట్లో ఒక్క ఫోనే ఉండి, చదివే పిల్లలు ముగ్గురుంటే ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పదవ తరగతి అన్నకు పరీక్షలున్నాయని ఫోను అతని చేతికి పోతుంది. ఎనిమిదవ తరగతి చెల్లెలు, 'నాకెప్పుడిస్తవు అన్నా?' అని గడప దగ్గర కూర్చొని ఎదురు చూస్తుంది. అటవీ ప్రాంతపు గూడేలలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన వారికైతే ఫోను చేతిలో ఉండీ లేనట్లే. 'ఫోను మంచిదా?' అని ఆ చెల్లెలిని అడిగితే ఆమె ఇచ్చే జవాబు తండ్రి జవాబూ కాదు, అన్న జవాబూ కాదు. ఆమె అభిప్రాయమే ఇందులో అందరికన్నా తక్కువగా వినిపిస్తుంది.

ఫోనువలన మాతృభాషలు చచ్చిపోతాయని మరొక వాదమున్నది. దీనిని పూర్తిగా అంగీకరించడానికి లేదు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరున్నది. అక్కడ గోండీ భాషకు ప్రత్యేకమైన లిపిలో వ్రాసిన ప్రతులు దొరికాయి. కంప్యూటర్లలోను, ఫోన్లలోను అన్ని భాషల అక్షరాలకు సంకేత సంఖ్యలు కేటాయించే ప్రమాణాన్ని యూనికోడ్ అంటారు. 2018లో వచ్చిన యూనికోడ్ 11వ సంచికలో 'గుంజాల గోండీ' అనే పేరుతోనే ఆ లిపి చేరింది. ఒక మారుమూల గ్రామం పేరు ప్రపంచంలోని అక్షరాల పట్టికకు ఎక్కింది. తగిన ఫాంటు ఉంటే ఆ లిపిని ఫోను తెరమీద చదవవచ్చు. దానిని చదివేవారు, వ్రాసేవారు ఉంటారా అన్నది ఫోను తేల్చే విషయం కాదు.

ఇక పట్నం ప్రయాణం. 'ఒక్కరోజులో హైదరాబాదు చూసి రావచ్చు' అని కరీంనగర్ విద్యార్థి అంటే అది సబబే. దూరం సుమారు 160 కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సెక్కితే ఉదయానికి జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగవచ్చు. అక్కడినుండి మెట్రో రైలు ఉన్నది. 1591లో కట్టిన చార్మినార్, దానికి చేరువలోనే సాలార్‌జంగ్ మ్యూజియం చూసి రాత్రికి ఇల్లు చేరవచ్చు. మ్యూజియంలోని గడియారం గంట కొట్టే వేళకు జనం ఎట్లా గుమిగూడతారో చూడవలసినదే. శుక్రవారం మాత్రం దానికి సెలవు. ఆ సంగతి తెలియక శుక్రవారం వెళ్లినవారు 'అక్కడేమీ లేదు' అని అభిప్రాయం చెప్పడం కూడా కలదు! అదే మాట ఆదిలాబాద్ విద్యార్థికి వర్తించదు. అతనికి హైదరాబాదు దాదాపు 300 కిలోమీటర్లు. నాగపూర్ అంతకన్నా దగ్గర. అతని 'పట్నం' పెన్‌గంగ అవతల మరాఠీ మాట్లాడే ఊరు కూడా కావచ్చు. ఒకే వాక్యం రెండు ఊళ్లలో రెండు విలువలు పొందుతుంది.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం మొదలైంది. 'బస్సులలో నిలబడే చోటు కూడా లేదు' అని మగపిల్లలు ఫిర్యాదు చేస్తారు. ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కాని ఇంతకు ముందు పట్నం పోవడానికి ఇంట్లో అనుమతి, చార్జీ డబ్బులు రెండూ అడగవలసిన అమ్మాయి ఇప్పుడు అనుమతి ఒక్కటే అడుగుతున్నది. నిలబడి ప్రయాణించినా ఆమెకు అది లాభమే.

పట్నంవారు ఇటు రావడం కూడా ఉన్నది. కరీంనగర్‌కు వచ్చి దిగువ మానేరు జలాశయం, ఎలగందుల కోట చూసి పోతారు. వెండి తీగలతో అల్లిన నగిషీ వస్తువులను కొనేవారు కొందరు. బేరమాడి వదిలేసేవారు ఎక్కువ. వానాకాలంలో కుంటాల జలపాతానికి బండ్ల వరుస కడుతుంది. కడెం వాగు సుమారు 45 మీటర్ల ఎత్తునుండి దూకే ఆ చోటును చూసి, 'స్వర్గం' అని ఫోనులో వ్రాసి సాయంత్రానికి వెళ్లిపోతారు. ఆ చోటనే సోమేశ్వరస్వామిని కొలిచే చుట్టుపక్కల ఊళ్లవారికి మరునాడు కనిపించేవి ప్లాస్టిక్ సీసాలు, పేపరు ప్లేట్లు. నీటి వడి తెలియక లోతులో దిగినవారి కోసం ఈదవలసి వచ్చేది కూడా వారే. కుంటాల ఎట్లా ఉన్నదని వారిని అడిగినవారు తక్కువ.

అభ్యాసం

పదాలు - అర్థాలు: చెలామణి = వాడుకలో సాగడం; సబబు = న్యాయం, తగినది; ప్రసక్తి = ప్రస్తావన; నగిషీ = సన్నని పనితనం; వడి = ప్రవాహపు వేగం.

1. ఇష్టానికి, అభిప్రాయానికి గల భేదాన్ని పాఠంలో లేని ఒక ఉదాహరణతో వివరించండి.
2. 1962లో రహీం తీసుకున్న నిర్ణయం వీడియో ఆటను గూర్చిన వాదంలో ఎట్లా ఉపకరించింది?
3. ఒక్క ఫోను ఉన్న ఇంట్లో అది ముందు ఎవరికి దక్కాలి? చెల్లెలి పక్షాన పది వాక్యాలు, అన్న పక్షాన పది వాక్యాలు వ్రాయండి.
4. మీ ఊరికి ఒక్కరోజు వచ్చి పోయేవారు చూడనిది ఏది?