పుట్టిన బిడ్డకు తెల్లకణాలు పెరిగాయంటే



పసిపిల్లల వార్డు బయట వరండాలో మమ్మల్ని తరచూ అడిగే ప్రశ్న ఇది. "సిస్టరమ్మా, చీటీలో తెల్లకణాలు ఇరవై రెండు వేలంట. బిడ్డకు బ్లడ్ క్యాన్సరా?"

పెద్దవారికి 11 వేలు దాటితే ఎక్కువే. అప్పుడే పుట్టిన బిడ్డకు మాత్రం 30 వేల వరకు ఉండడం సహజం. ల్యాబ్ చీటీలో పక్కన అచ్చువేసిన లెక్క చాలాసార్లు పెద్దవారిది, దాన్ని చూసి బెదరకండి. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఈ కణాలు పెరుగుతాయి.

పుట్టిన 28 రోజుల లోపల నిజమైన రక్త క్యాన్సర్ కనిపించడం చాలా అరుదు. పది లక్షల మంది శిశువుల్లో ఒకరి నుండి ఐదుగురికి వస్తుంది. అలాంటి బిడ్డకు తెల్లకణాలు తరచుగా లక్ష దాటతాయి. కొందరికి చర్మం మీద వేరుశనగ గింజంత నీలిరంగు గడ్డలు గట్టిగా చేతికి తగులుతాయి. బిడ్డ పాలిపోతుంది, పాలు సరిగా తాగదు. వేలితో నొక్కినా చెరగని ఎర్రచుక్కలు వస్తాయి. కాలేయం, ప్లీహం వాచి పొట్ట ఉబ్బుతుంది.

పొట్ట ఉబ్బిందని వాతలు పెట్టించి తెచ్చిన బిడ్డలను నేను చూశాను. ఒక అవ్వ, "మా పిల్లోళ్ళందరికీ పెట్టినాం గదమ్మా, ఎవురికేమయింది?" అంది. కోప్పడలేకపోయాను, ప్రేమతోనే చేసింది. కానీ ఈ జబ్బులో రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి, క్రిములను ఎదుర్కొనే శక్తీ ఉండదు. కాల్చిన పుండు నుండి రక్తం కారుతుంది, చీము పడుతుంది. ఆ పుండే ప్రాణం తీయవచ్చు.

ముందు చేసేది చిన్న పరీక్షే. రక్తపు చుక్కను గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూస్తారు. అనుమానం ఉంటే ఎముక మూలుగ పరీక్ష, క్రోమోజోముల పరీక్ష చేయిస్తారు. క్రోమోజోముల పరీక్ష ఎందుకని చాలామంది అడుగుతారు. డౌన్స్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో నూటికి సుమారు పదిమందికి పుట్టుకతోనే క్యాన్సర్ కణాల వంటివి రక్తంలో కనిపిస్తాయి. ఎక్కువమందిలో అవి మూడు నెలల్లో వాటంతటవే పోతాయి. ఇది తెలియక ఆశ వదులుకుని బిడ్డను ఇంటికి తీసుకుపోయేవారున్నారు. పోయాయి కదా అని రావడం మానేయడమూ తప్పే. అలాంటి పిల్లల్లో ఐదుగురిలో ఒకరికి నాలుగేళ్ళ లోపు అసలు క్యాన్సర్ రావచ్చు. దాన్ని త్వరగా పట్టుకుంటే చికిత్సకు బాగా లొంగుతుంది.

మిగతా బిడ్డల సంగతి దాచను. నెల నిండని ఒంటికి కీమోథెరపీ చాలా కష్టం, చికిత్స చేసినా అందరూ దక్కరు. అయినా దక్కేవారున్నారు. బెంగళూరులో కిద్వాయ్, హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రులు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. బయలుదేరే ముందే ఆ ఊళ్ళో అది చెల్లుతుందేమో ఆరోగ్యమిత్రను అడగండి.

బాలింతను ఎవరూ నిందించవద్దు. ఈ జబ్బు కడుపులోనే బిడ్డ కణాల్లో జన్యువులు మారడం వల్ల మొదలవుతుంది. గ్రహణం, దిష్టి, ఆమె తిన్న తిండి కారణం కాదు. తల్లిపాల ద్వారా రాదు కాబట్టి, డాక్టరు వద్దంటే తప్ప పాలు మాన్పించకండి. వచ్చేటప్పుడు కాన్పు చీటీ, పాత రక్త పరీక్షల చీటీలన్నీ తీసుకురండి.