సీబీ సెట్టు పవర్ పెంచుకోవచ్చా?

ప్రశ్న: మాది కొల్లూరు. ఊళ్లో ఇటుక బట్టీ, లంకలో అరటితోట ఉన్నాయి. 2024 సెప్టెంబరు వరదప్పుడు తోట దగ్గరున్న మనిషికి ఫోన్ కలవక రెండు రోజులు నిద్రపోలేదు. ఆ తర్వాత ఒక జత సీబీ (సిటిజన్స్ బ్యాండ్) వాకీటాకీలు కొన్నాను. వీటికి లైసెన్సు అక్కర్లేదని చెప్పారు. కరకట్ట దాటి కాస్త దూరం పోగానే మాట తెగిపోతోంది. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మార్చి పవర్ ఇరవై వాట్లకు పెంచుతానని, పొడుగాటి యాంటెనా కూడా బిగిస్తానని ఒక మెకానిక్ అంటున్నాడు. నా డబ్బుతో కొన్న సెట్టు నేను మార్చుకుంటే తప్పేమిటి?

జవాబు: మార్చుకోకూడదండీ. సెట్టు మీదే, కాదనను. కానీ అది గాలిలోకి పంపే తరంగం మీ ఒక్కరిది కాదు. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగిన ఆ రోజుల్లో లంకల్లో మనుషులున్న ఏ ఇల్లూ నిశ్చింతగా లేదు. మీ భయం నాకు అర్థమవుతుంది. అందుకే వద్దని చెప్పి ఊరుకోకుండా, ఎందుకు వద్దో, బదులుగా ఏం చేయవచ్చో కూడా చెబుతాను.

మన దేశంలో మాట పంపే ఏ వైర్‌లెస్ సెట్టు దగ్గర ఉంచుకోవాలన్నా లైసెన్సు ఉండాలన్నది 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం మూడో సెక్షను. అంటే లైసెన్సు ఉండటం నియమం, అక్కర్లేకపోవడం మినహాయింపు. సీబీకి ఆ మినహాయింపు 2005లో కేంద్రం ఇచ్చిన నిబంధనలతో వచ్చింది. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ మధ్య, గరిష్ఠంగా ఐదు వాట్ల పవర్‌తో, సెట్టులోనే అమర్చి వచ్చిన యాంటెనాతో వాడితే లైసెన్సు అక్కర్లేదు. ఈ మూడు షరతుల్లో ఏది తప్పినా మినహాయింపు పోతుంది. ట్రాన్సిస్టరు మార్చిన క్షణం మీ చేతిలో ఉన్నది లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్ అవుతుంది. పవర్ ముట్టుకోకుండా బయటి యాంటెనా ఒక్కటే తగిలించినా అంతే. ఇది చాలామందికి తెలియదు. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన కారు సెట్లు, డాబా మీద రాడ్డు పెట్టి వాడేవి, అన్నీ ఈ గీతకు అవతలే ఉంటాయి.

ఆ నిబంధనల్లోనే ఇంకో మాట ఉంది. మీ సెట్టు ఎవరికీ అడ్డు రాకూడదు. ఎవరైనా మీకు అడ్డొస్తే రక్షణ అడిగే హక్కు కూడా మీకు లేదు. అదే ఫ్రీక్వెన్సీలో ఇంకొకరు మాట్లాడుకుంటుంటే సర్దుకుపోవాల్సిందే. మినహాయింపు ఇచ్చింది ఈ ఒప్పందం మీదే.

మెకానిక్ మీకు చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ఐదు వాట్లను ఇరవై చేస్తే పవర్ నాలుగింతలైనా, అవతలి సెట్టు మీటరులో ముల్లు కదిలేది ఒక్క గీతే. లెక్కలో అది ఆరు డెసిబెల్స్. దూరం పెరిగేది కొంచెం, వేడి పెరిగేది చాలా. ఐదు వాట్ల కోసం తయారైన సెట్టులో పెద్ద ట్రాన్సిస్టరు పెడితే వేడిని లాగే రేకు చాలదు, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ఔట్‌పుట్‌లోని ఫిల్టరు ఆ పవర్‌కు సరిపోదు. ఫిల్టరు సరిపోకపోతే అసలు తరంగంతో పాటు దాని రెట్టింపులు, మూడింతలు, ఐదింతలు కూడా బయటికి పోతాయి. 27ని ఐదుతో గుణించండి, 135 వస్తుంది. విమానాల పైలట్లు కంట్రోల్ టవర్‌తో మాట్లాడుకునే బ్యాండు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్. గన్నవరంలో దిగే విమానం మన ఇళ్ల మీదుగానే పోతుందని గుర్తుంచుకోండి. పొరుగింటివారి టీవీలో గరగర ఒక్కటే అయితే నేనింత గట్టిగా చెప్పేవాణ్ని కాను.

ఇక శిక్ష. 1933 చట్టం ప్రకారం లైసెన్సు లేని ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉంచుకుంటే మూడేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యే కదా అనుకోవద్దు, మూడేళ్లన్న మాట కూడా అందులోనే ఉంది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం పాత చట్టాల స్థానంలోకి దశలవారీగా వస్తోంది. దానిలో కొన్ని సెక్షన్లు 2024 జూన్ 26న, మరికొన్ని జూలై 5న అమల్లోకి వచ్చాయి. దాని కిందా రేడియో పరికరానికి అనుమతో, మినహాయింపో ఉండాల్సిందే.

అధికారులు వచ్చి సెట్టు పట్టుకుంటే మీకూ హక్కులున్నాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం పోలీసుల సోదా, స్వాధీనం అంతా వీడియో తీయాలి. పట్టుకున్న వస్తువుల జాబితా రాసి సాక్షుల సంతకాలు తీసుకోవాలి. ఆ జాబితా నకలు అడిగి తీసుకోండి, చదవకుండా సంతకం పెట్టకండి. వకీలును పెట్టుకునే స్తోమత లేనివారు 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవాధికార సంస్థ దారి చూపుతుంది.

మార్చాక సెట్టు కాలిపోతే మెకానిక్‌ను నిలదీయగలరా? చాలా కష్టం. చట్టం నిషేధించిన పని కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను చెబుతోంది. ఇచ్చిన డబ్బు గాలికి పోయినట్టే.

అమ్మినవారి సంగతి వేరు. లైసెన్సు కావాల్సిన సెట్టును అక్కర్లేదని చెప్పి మీకు అంటగట్టి ఉంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ వాకీటాకీల అమ్మకాలపై ఆన్‌లైన్ అమ్మకపు సంస్థలకు 13 నోటీసులు ఇచ్చి, మార్గదర్శకాలు కూడా ప్రకటించింది. ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో, లైసెన్సు కావాలో లేదో అమ్మకపు పేజీలోనే చెప్పాలి. బిల్లు, పెట్టె, ప్రకటన ఫొటో దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే రెండేళ్లలోపు వెళ్లాలి. వస్తువు విలువ ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు.

మరి లంకకు మాట చేరేదెలా? బట్టీ, తోట పనుల కోసమైతే టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగానికి సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, సొంత అవసరాలకిచ్చే వైర్‌లెస్ అనుమతి తీసుకోండి. ఖర్చుంది, సమయం పడుతుంది, కానీ మీకంటూ ఒక ఫ్రీక్వెన్సీ వస్తుంది. పిల్లలకు రేడియో మీద ఆసక్తి ఉంటే హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు పరీక్ష రాయించండి. పన్నెండేళ్లు నిండినవారెవరైనా రాయవచ్చు. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో శిక్షణ ఇస్తుంది. హామ్‌లకు ఐదు వాట్లకు మించిన పవర్ అనుమతిస్తారు, బయటి యాంటెనా కూడా పెట్టుకోవచ్చు. అయితే హామ్ సెట్టులో వ్యాపారం మాట్లాడకూడదు. ఇటుకల లోడు ఎప్పుడొస్తుందని అడిగినా తప్పే. లైసెన్సున్న మరో హామ్‌తోనే మాట్లాడాలి. తుపానూ వరదా వచ్చినప్పుడు మాత్రం అధికారులు వెతుక్కుంటూ వచ్చేది ఈ హామ్‌ల దగ్గరికే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తెలిసిన తీరం మనది. కృష్ణకు ఇవతలి ఒడ్డున ప్రతి లంకలో ఒక్క లైసెన్సున్న హామ్ ఉంటే ఎంత ధైర్యమో ఆలోచించండి.

ఈ వ్యాసం చదివేలోపే మార్పు చేయించి ఉంటే, ఇవాళే ప్రసారం ఆపేయండి. పాత ట్రాన్సిస్టర్లు తిరిగి వేయించండి, బయటి యాంటెనా తీసేయండి, ఆ సెట్టును ఇంకొకరికి అమ్మకండి. వచ్చే వానాకాలంలోపు అనుమతి చేతికి రావాలంటే దరఖాస్తు ఈ నెలలోనే పెట్టండి.